బ్యాటరీ పోయిందనుకునే ముందు

మన ఊళ్లలో రాత్రివేళ ఎవరికైనా బాగోలేదని కబురొస్తే బండే దిక్కు. మొన్న వానలకు నా బండి సెల్ఫ్ పనిచేయలేదు. బటన్ నొక్కితే టకటకమని చప్పుడే తప్ప ఇంజన్ తిరగలేదు. "బ్యాటరీ పోయింది, కొత్తది వేయించండి అయ్యగారూ" అన్నారు చూసినవాళ్లు.

ఆ చప్పుడు రిలేది. మోటారు తిరగడానికి చాలినంత కరెంటు అందడం లేదని దాని అర్థం. మీటరు పెడితే 12.6 వోల్టులు చూపింది. అంటే బ్యాటరీలో చార్జి ఉంది. టెర్మినళ్ల మీద మాత్రం తెల్లగా చిలుము పేరుకుంది. తాళం తీసేసి, ముందు నెగటివ్ వైరు, తర్వాత పాజిటివ్ విప్పాను. గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి, పాత బ్రష్‌తో రుద్ది, బాగా ఆరనిచ్చాను. బిగించేటప్పుడు ముందు పాజిటివ్. ఒక్క నొక్కుకే బండి స్టార్టయింది.

శక్తి లోపలే ఉంది, అందే దారిలోనే అడ్డం పడింది. మాటలు మానేసిన తమ్ముణ్ణి, ముభావంగా తిరిగే కొడుకుని చూసి మనం "ఇక వాడింతే" అనేస్తాం. ప్రియులారా, అలా అనే ముందు మధ్యలో ఏం పేరుకుందో చూద్దాం. ఈ వారం అలాంటి ఒక్కరినైనా వెళ్లి పలకరిద్దాం.