పాడ్‌కాస్ట్ అంటే ఏమిటి?

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక మా హాస్టల్లో ఈ ప్రశ్న పుట్టింది. "ఇద్దరు మనుషులు మూతికడ్డంగా పెద్ద మైకులు పెట్టుకుని రెండుగంటలు మాట్లాడుకునే వీడియో" అన్నాడొకడు. "కాదురా, ఐపాడ్ ఉంటేగాని వినబడదు" అన్నాడు ఇంకొకడు. మొదటివాడి మాటే నాకు వేదవాక్కయింది. రానున్న నష్టం అప్పుడు తెలియలేదు.

మా తాతయ్య పాతకాలపు రైతు. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి వడ్ల రకాల గురించి కథలుగా చెప్పేవాడు. సెలవులకెళ్ళినప్పుడు, "తాతయ్యా, నీతో పాడ్‌కాస్ట్ చేస్తా" అన్నాను.

"పాడడానికి కాస్టా? ఎంతవుతుందేమిటి?" అన్నాడు.

అందరం నవ్వాం. నిజానికి ఖర్చు గురించే నేనూ ఆలోచిస్తున్నాను. కెమెరా లేదు, మైకులు లేవు. మచ్చుకి మాత్రం ఫోన్లో పదకొండు నిమిషాలు రికార్డు చేసి, "మిగతాది వచ్చే సెలవుల్లో" అనేశాను.

ఆ మాట చరిత్ర తర్వాత చదివాను. 2001లో ఐపాడ్ వచ్చింది. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లే అనే విలేఖరి 'గార్డియన్' పత్రికలో రాస్తూ, ఐపాడ్‌నూ బ్రాడ్‌కాస్ట్‌నూ అతికించి ఈ మాట వాడాడు. అసలు సంగతి చాలా చిన్నది. మాటలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడతారు. చందాదారులైనవారికి ఆర్‌ఎస్‌ఎస్ అనే ఏర్పాటు ద్వారా కొత్త భాగం వచ్చినప్పుడల్లా అందుతుంది. రేడియో అయితే దాని వేళకు మనం కూర్చోవాలి. ఇది మన వేళకు వింటాం. ఐపాడ్ ఆనాడూ తప్పనిసరి కాదు, కంప్యూటర్లోనూ వినేవారు. 2022లో ఐపాడ్ తయారీయే ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు వీడియోలనూ అలాగే పిలుస్తున్నారు, పిలవనీండి. కాని కెమెరా లేకపోతే పాడ్‌కాస్ట్ కాదనడం మాత్రం శుద్ధ అబద్ధం.

ఇంకో విశేషం. బ్రాడ్‌కాస్ట్ అంటే ఇంగ్లీషులో మొదటి అర్థం చేత్తో విత్తనాలు చల్లడం. మన వెదజల్లడమే! ఈ సంగతి చెబితే తాతయ్య ఎంత మురిసిపోయేవాడో!

చెబుదామని వెళ్ళేసరికి ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. విని తల ఊపాడు. కళ్ళు నవ్వాయి. అంతే.

నా దగ్గర ఆ పదకొండు నిమిషాలే ఉన్నాయి. మధ్యలో కుక్క మొరుగుతుంది, అమ్మ అన్నానికి పిలుస్తుంది. మొన్న అలాగే, ఒక్క ముక్క కత్తిరించకుండా, పాడ్‌కాస్ట్‌గా పెట్టాను. మిత్రులారా, మీ ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే మైకుల కోసం ఆగకండి. జేబులో ఫోనుంది, చాలు.