అయిదు గంటల దూరం

చెన్నై నుంచి కువైట్‌కు గాలిదారిన సుమారు 3,800 కిలోమీటర్లు. విమానం అయిదు గంటల్లో దింపేస్తుంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది కాబట్టి, తెల్లారి నాలుగింటికి ఎక్కినవాళ్లు అక్కడి లెక్కన ఆరున్నరకే దిగుతారు. సగం ప్రయాణం ఎటు పోయిందో తెలియదు.

రాజంపేట, రాయచోటి పల్లెల్లో ఈ దారి తెలియని ఇల్లు అరుదు. వాన మొహం చాటేసిన నేల, నీళ్లు పడని బోరు, తీరని అప్పు మనుషుల్ని ఎడారికి పంపాయి. మగవాళ్లు డ్రైవర్లుగా, గొర్రెల కాపరులుగా వెళ్లారు. ఆడవాళ్లు చంటిబిడ్డను అవ్వ ఒళ్లో పెట్టి, పరాయి బిడ్డల్ని సాకడానికి వెళ్లారు. ఫోన్లు లేని రోజుల్లో వాళ్ల మాట క్యాసెట్‌లో వచ్చేది. మొదట అందరి పేర్లూ వరసగా, తర్వాత వానల సంగతి, నడుమ ఒక దగ్గు, కాసేపు ఏమీ లేని గరగర. ఆ గరగర దగ్గరే అవ్వ టేపును ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేది.

1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అయిదు గంటల దారి మూసుకుపోయింది. ఎంతోమంది ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడ విమానాల కోసం రోజుల తరబడి కాచుకున్నారు.

కడపకు 2015లో, కర్నూలు పక్కన ఓర్వకల్లుకు 2021లో విమానాలొచ్చాయి. కువైట్‌కు మాత్రం నేరుగా లేవు. ఇప్పటికీ ముందు రాత్రి బస్సెక్కాల్సిందే. ఇంటి నుంచి విమానం మెట్టు దాకా పట్టే ఆ రాత్రిని ఏ టికెట్టూ లెక్కలో వేయదు. నాకైతే అసలు దూరం అక్కడే ఉందనిపిస్తుంది.