ఆషాఢంలో పద్మారావునగర్

సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి పద్మారావునగర్ వెళ్ళదలచినవారు ఆటో అతనికి దారి చెప్పనక్కరలేదు. "స్కందగిరి" అంటే చాలు, చిలకలగూడ మీదుగా తీసుకువచ్చి గుట్ట కింద దింపుతాడు. గుట్ట మీద సుబ్రహ్మణ్యస్వామి ఉన్నాడు. కంచి కామకోటి పీఠంవారి ఆధ్వర్యంలో నడిచే ఆలయమది. ఉత్సవాల రోజుల్లో పైనుంచి నాదస్వరమూ, తవిలూ వినవస్తుంటే, కిందనున్న వీధుల్లోకి డికాక్షను వాసన దిగి వస్తుంది. తెలుగూ, అరవమూ, కన్నడమూ, మరాఠీ ఒకే మెట్ల దగ్గర చెప్పులు విడిచే పేట ఇది.

పేరుకు కారణం దివాన్ బహదూర్ పద్మారావు మొదలియారుగారు. 'వాకర్ టౌన్' అనే మాట ఇప్పటికీ కొన్ని చిరునామాలలో కనబడుతుంది. ఒక పేరు మొదలియారుది, ఒక పేరు దొరది అన్నమాట. నిజాం సికందర్‌జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాదు మొదటినుంచీ దండు ఊరు. పాతవాళ్ళు దీనిని ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. దండు ఉన్న ఊళ్ళో బ్యాండు లేకుండా ఎట్లా ఉంటుంది? దొరల బ్యాండు వెళ్ళిపోయింది గాని, డోలు మీద మోజు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది.

దానికి తోడు హైదరాబాదులో అరబ్బులూ, సిద్దీలూ తెచ్చిన మర్ఫా ఉన్నది. తెలంగాణా పల్లెలనుంచి వచ్చిన డప్పు సరేసరి. మూడు దెబ్బల 'తీన్‌మార్' అందరిదీ. ఇన్ని ఏరులు కలిసిన చోట పుట్టిన పిల్లవాడికి వేళ్ళు ఊరుకుంటాయా? భోజనాల బల్ల మీద కంచం కూడా నిశ్శబ్దంగా ఉండదు.

ఆషాఢమాసంలో ఈ పేట చూడాలి. 1813లో హైదరాబాదులో మహమ్మారి చెలరేగినపుడు, ఉజ్జయినిలో ఉన్న దండులోని సురిటి అప్పయ్య అనే డోలీబోయీ, రోగం తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతానని అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగివచ్చి 1815లో సికింద్రాబాదులో అమ్మవారిని నిలిపాడనీ చెబుతారు. అదే ఉజ్జయినీ మహంకాళి ఆలయం. బోనాలు ముందు గోలకొండలో మొదలై, తరువాత లష్కరుకు వచ్చి, ఆ తరువాత లాల్‌దర్వాజా చేరతాయి. ఆ ఆదివారాలలో పద్మారావునగర్, పార్సీగుట్ట, వారాసిగూడ, బోయిగూడ వీధుల్లో డప్పు వినబడని గడియ ఉండదు. పసుపు పూసుకున్న పోతరాజు ముందు నడుస్తుంటే, వెనుక వరుస కట్టిన దళం, ఆ వెనుక తలల మీద బోనాలతో ఆడవాళ్ళు.

ఈ సంవత్సరం ఆ దళం నా మెడకు ఒక తగవు తెచ్చింది.

మా అక్కగారిల్లు స్కందగిరికి రెండు వీధుల అవతల. ఆమె కొడుకు మూడేళ్ళుగా పక్క బస్తీ దళంలో డప్పు వాయిస్తున్నాడు. 14 డప్పుల దళమది. ఈ ఏడు వాడు పదో తరగతి పాసై ఇంటర్మీడియేట్‌లో చేరాడు. కాలేజీలు తెరిచేది జూన్‌లో, ఆషాఢం వచ్చేదీ ఆ దరిదాపుల్లోనే. పొద్దున ఎనిమిదికి ఇల్లు వదిలితే సాయంత్రం ఆరు దాటాక చేరే చదువు అది. ఇక సాధన ఎప్పుడు? బోనాలు ఎప్పుడు? బావగారు "ఇవాళే మానెయ్యాలి" అన్నారు. మా అక్క "బోనాల దాకా పోనిద్దురూ" అన్నది. వాడు ఏమీ అనలేదు. తగవు తీర్చమని నాకు ఫోను వచ్చింది. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి డప్పు సంగతి ఏం తెలుసునని అడిగితే, "నీకు పిల్లల సంగతి తెలుసు గదరా తమ్ముడూ" అన్నది అక్క. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ హాజరుపట్టీలు రాస్తున్నాను కాబట్టి, కాదనలేకపోయాను.

నేను చేరిన సాయంత్రం ఆదివారం. వాడితో సాధన చూడడానికి వెళ్ళాను. బస్తీ సందు చివర చితుకులు మండించి డప్పులు కాస్తున్నారు. తోలు బిగియకపోతే మోత రాదు. తుంపర పడే రోజుల్లో మరీ కాయాలి. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. రెండిటి మాటా వేరు. ఒకటి గద్దిస్తుంది, ఒకటి బదులు చెబుతుంది. మావాడు వరుసలో నాలుగోవాడు.

వాడి పక్కన ఐదోవాడుగా నిలబడ్డ కుర్రవాడిని చూపి దారిలో వాడే చెప్పాడు. "మామయ్యా, వాడు డిగ్రీ రెండో సంవత్సరం. నేను కాలేజీ కోసం డప్పు మానాలంటున్నారు. వాడు డప్పు వాయిస్తేనే కాలేజీ ఫీజు."

ఆ మాట దగ్గర నాకు తగవు తలకిందులైంది. మేమంతా ఇంట్లో కూర్చుని డప్పు పెద్దదా, చదువు పెద్దదా అని తూకం వేస్తున్నాము. మావాడికి డప్పు ముచ్చట. వాడి వంతు డబ్బు దళం ఖర్చులకే పోతుంది. ఆ పక్కవాడికి డప్పు తాతముత్తాతలనుంచి వచ్చిన పని. ఒకప్పుడు దానిని చేతబట్టినందుకు ఊరవతల నిలబెట్టినవాళ్ళు, ఇవాళ అది లేనిదే పండుగ లేదంటున్నారు. ఆషాఢానికి బయానా పుచ్చుకున్నది 14 డప్పులకు. పదమూడే వస్తే బేరం తగ్గుతుంది. మావాడి చదువు కోసం తగ్గిన ఆ డబ్బు ఎవరి చదువులోనుంచి పోతుంది? పద్దు పుస్తకంలో ఇది మాకెవరికీ కనబడలేదు.

ఈ సందర్భంలో అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. నా పాత విద్యార్థిని ఒకామె కొడుకు అక్కడి 'డ్రమ్ కోర్'లో వాయిస్తాడు. డోళ్ళూ, ఇత్తడి బూరాలూ పట్టి, కవాతు చేస్తూ మైదానంలో బొమ్మలు కట్టే దళాలవి. వీటన్నిటికీ పెద్ద సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, 1971లో ఏర్పడింది. పిల్లలు వేలాది డాలర్లు తామే కట్టి చేరతారు. వేసవి అంతా బస్సుల్లో ఊరూరా తిరుగుతూ బడుల వ్యాయామశాలల్లో నేల మీద పడుకుంటారు. ఇరవైయొక్క ఏళ్ళు దాటినవారికి చోటు లేదు. అందుచేత కాలేజీలో చేరబోయే ప్రతివాడికీ అక్కడా ఇదే గుంజాటన. ఈ ఏడు ఆగితే ఒక ఏడు తరుగుతుంది, ఆగకపోతే చదువూ డబ్బూ ఏమవుతాయో! అయితే ఒక్క తేడా ఉన్నది. అక్కడి పోటీలు ఆగస్టు నడిమికి ముగుస్తాయి, కాలేజీలు ఆ తరువాత తెరుస్తారు. అక్కడ డోలు కాలేజీ క్యాలెండరు చూసి మోగుతుంది. మన డప్పు తిథి చూసి మోగుతుంది. అమ్మవారు ఇంటర్మీడియేట్ బోర్డువారిని అడిగి రాదు గదా!

పైగా మన పండుగలకు తెరిపి లేదు. బోనాలు అయితే వినాయక చవితి, అది అయితే దసరా. "ఇదొక్కటీ అయ్యాక మానేస్తా" అనేవాడు ఏనాటికీ మానడు. "ఇప్పుడే మానేస్తా" అనేవాడు నలుగురినీ ముంచుతాడు. మధ్యేమార్గం ఏమిటి?

అది నాకు ఆ రాత్రి వీధిలో కనిపించింది. సాధన అయ్యాక దళం ఒక మొక్కుబడి ఊరేగింపుతో ముషీరాబాదు వైపు కదిలింది. పూర్వం ముషీరాబాదు జైలు ఉండిన చోటికి 2003లో గాంధీ ఆసుపత్రి తరలి వచ్చింది. ఆసుపత్రికి చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలమని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు బహిరంగంగా మోగించరాదనీ చెబుతున్నాయి. అందరూ పాటిస్తారని నేననను. ఈ దళం పెద్ద మాత్రం పాటిస్తాడు. ప్రహరీ కనబడగానే చెయ్యి ఎత్తాడు. 14 డప్పులూ ఒక్కసారి ఆగిపోయాయి. కాని నడక ఆగలేదు. సిర్రలు గాలిలోనే ఆడుతున్నాయి. పెదవులు లెక్క పెడుతున్నాయి. ఆసుపత్రి దాటి మలుపు తిరిగాక చెయ్యి దించాడు. అందరి దెబ్బా ఒకే చోట పడింది. ఒక్కడు ముందు లేడు, ఒక్కడు వెనుక లేడు.

నాకు సంగీతం రాదు గాని, పాఠం చెప్పడానికి కావలసినంత తాళం తెలుసు. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. నాలుగు లఘువువి, తక్కిన నాలుగూ రెండు ద్రుతాలవి. ద్రుతంలో మొదటిది దెబ్బ, రెండోది విసురు. విసురుకు చప్పుడు లేదు, అది నిశ్శబ్ద క్రియ. చప్పుడు లేదు గదా అని దానిని వదిలేస్తే తాళం ఆరక్షరాలకే కుంటుపడుతుంది. మన భాషలోనూ ఇటువంటి చమత్కారమే ఉన్నది. 'విరామ'మన్నా 'విరమణ' అన్నా ధాతువు ఒక్కటే. విరామం తరువాత మళ్ళీ మొదలవుతుంది, విరమణ తరువాత మొదలవదు. ఆగేవాడు లెక్క పెడుతున్నాడా లేదా అన్నదే రెండిటికీ తేడా.

దళం పెద్దతో మాట్లాడాను. పగలు పెయింటింగు పని చేస్తాడు. "సదువు ముందుగాల సార్, నేనేం అడ్డం రాను. గని పోయేటోడు పోతున్ననని జెప్పాలె. మళ్ల ఎప్పుడొస్తడో జెప్పాలె. జెప్పి పోయినోని జాగ ఉంచుత. జెప్పకుండ పోతే ఆ జాగల ఇంకోడు నిలవడ్తడు" అన్నాడు. పాతికేళ్ళ పరీక్షాఫలితాలు చూసిన కాలేజీలలో కూడా ఇంతకంటె న్యాయమైన సెలవు నిబంధన నేను చూడలేదు.

ఇంటికి వచ్చి నేను తీర్పు చెప్పలేదు. మూడు ప్రశ్నలు మాత్రం వాడి ముందు పెట్టాను. ఒప్పుకున్న రోజులు ఎన్ని? నీ చోటులో నిలవగలవాడిని నువ్వు తయారు చెయ్యగలవా? తిరిగి వచ్చే తేదీ ఏది? వాడు కాగితం తీసుకుని లెక్క వేశాడు. లష్కర్ బోనాల దాకా బయానా పుచ్చుకున్న రోజులు మూడే, మూడూ ఆదివారాలు. ఆ రోజులు వాయిస్తాడు. ఈలోగా రోజూ రాత్రి అరగంట, బస్తీలోని ఎనిమిదో తరగతి పిల్లవాడికి తన దెబ్బలు నేర్పుతాడు. ఆ తరువాత డప్పు అటక ఎక్కుతుంది, రెండో సంవత్సరం పరీక్షలయ్యే దాకా దిగదు. తేదీ కూడా వాడే వేశాడు.

బావగారు కాగితం రెండుసార్లు చదివారు. "మూడు ఆదివారాలేనా?" అన్నారు. వాడు "మూడే" అన్నాడు. "వర్షం వచ్చి వాయిదా పడితే?" "నాలుగోది లేదు నాన్నా, పెద్దన్నకు చెప్పేశాను." ఆ సమాధానంతో ఆయన మెత్తబడ్డారు. వెళ్ళనిచ్చినందుకు కాదు, వాడు ముందే మాట ఇచ్చి వచ్చినందుకు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం. అన్నాళ్ళ ఎడబాటు పదహారేళ్ళవాడికి చిన్న సంగతి కాదు. ఆ బాధ లేకుండా చెయ్యడం ఎవరి తరమూ కాదు. దానికి ఒక గడువు మాత్రం పెట్టగలిగాడు.

కాలేజీ చేరే పిల్లలున్న ఇళ్ళలో ఈ తగవు డప్పుతోనే రావాలని లేదు. నాట్యం కావచ్చు, క్రికెట్ కావచ్చు, ఎన్‌సీసీ కావచ్చు. నలుగురితో కలిసి చేసే పని ఏదైనా సరే, దానిని ఆపేటప్పుడు మన పిల్లవాడిని ఒక్కణ్ణే చూస్తే చాలదు, వాడి పక్కన నిలబడ్డవాడిని కూడా చూడాలి.

పద్మారావునగర్ రాదలచినవారు ఆషాఢపు ఆదివారం సాయంత్రం రండి. స్కందగిరి మెట్లెక్కి దర్శనం చేసుకుని, కింద కాఫీ తాగి, ముషీరాబాదు వైపు నడవండి. ఆసుపత్రి ప్రహరీ పక్కన చప్పుడు చెయ్యకుండా అడుగు కలిపి నడిచే దళం ఎదురైతే పక్కకు తప్పుకుని నిలబడండి. వాళ్ళను పలకరించకండి. లెక్క పెడుతున్నారు.