గేటు లేని క్యాంపస్

పోర్ట్ బ్లెయిర్‌లో "యూనివర్సిటీకి పోనివ్వు బాబూ" అంటే, జంగ్లీఘాట్ ఆటో అబ్బాయి "ఏ యూనివర్సిటీ అండీ?" అన్నాడు, శ్రీకాకుళం యాసలో. ఆ యాస ఇక్కడ వింతేమీ కాదు. 2011 జనగణన ప్రకారం ఈ అండమాన్ నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగే. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురమైంది గానీ ఆటోస్టాండులో ఇంకా పాత పేరే నడుస్తోంది.

అతని ప్రశ్న న్యాయమైనదే. దశాబ్దాలుగా ఇక్కడి కాలేజీలకు పట్టాలు ఇచ్చింది సముద్రానికి అవతలున్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయం. క్యాంపస్ అని చూపించడానికి ఒక గేటు, ఒక ప్రహరీ లేవు. ముక్కలు ముక్కలుగా ఊరంతా పరుచుకుని ఉంది.

మొదటి ముక్క సెల్యులార్ జైలే అంటాను, ఎవరేమనుకున్నా సరే. 1896లో మొదలై 1906లో పూర్తయిన కట్టడం. నడుమ బురుజు, చుట్టూ మూడంతస్తుల ఏడు వరుసలు. ఇటుకలు బర్మా నుంచి వచ్చాయి. ఒక వరుస ముఖం పక్క వరుస వీపుకేసి ఉంటుంది. ఖైదీ మరో ఖైదీ మొహం చూడకూడదని ఆ ఏర్పాటు. 1933లో రాజకీయ ఖైదీలు నిరాహారదీక్షకు దిగారు. మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే కొట్లలోకి దీపాలు, పుస్తకాలు, పత్రికలు వచ్చాయి. ఖైదీలు గుంపులుగా కూర్చుని చరిత్ర, రాజకీయాలు చదువుకున్నారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన మన ప్రతివాది భయంకరాచారి కూడా ఈ జైలు చూసినవాడే.

ఏడు వరుసల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. జైలు ఆవరణలోనే 1963లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలిసింది. జ్ఞాపకాన్ని కూల్చి మందులిచ్చారని కోప్పడేవాళ్లున్నారు. రోగుల వరుస చూశాక నాకు ఆ కోపం నిలవలేదు. 2015లో దీవుల వైద్య కళాశాల మొదలైంది. దాని విద్యార్థులు రోగిని పట్టి చూడడం నేర్చుకునేది ఈ ఆసుపత్రిలోనే.

మామూలు డిగ్రీ చదువు 1967లో వచ్చింది, ఇప్పుడు జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయ అని పిలిచే ప్రభుత్వ కళాశాలతో. తొలినాళ్లలో దాని అనుబంధం ఎక్కడో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంతో! పాండిచ్చేరి వంతు తర్వాత వచ్చింది. 1990లో ఉత్తరాన ఉన్న మాయాబందర్‌లో మహాత్మాగాంధీ కళాశాల పెట్టారు. అక్కడికి రోడ్డున వెళ్లాలంటే జరావా ఆదివాసుల అడవిలో వాహనాలన్నీ గుంపుగా కదలాలి, మిడిల్ స్ట్రెయిట్ జలసంధి దగ్గర బస్సు కూడా ఫెర్రీ ఎక్కాలి. ఉత్తర దీవుల పిల్లలను రోజూ రాజధానికి రమ్మనడం కుదరని పని. అందుకే ఆ కాలేజీ.

ఆటో అబ్బాయి చివరికి మమ్మల్ని బ్రూక్షాబాద్‌లో దింపాడు. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సొంత శాఖలు ఇక్కడున్నాయి. ఒకటి సముద్ర అధ్యయనం, సముద్ర జీవశాస్త్రం. రెండోది తీరప్రాంత విపత్తుల నిర్వహణ, 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత పుట్టింది. భవనాలు చూసి ముచ్చటపడేంత గొప్పవేమీ కావు. అయితే మిగతా కాలేజీల్లోని చదువులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. పగడపు దిబ్బలు ఇంత దగ్గరగా ఉన్న తరగతి గది మన తీరంలో దొరకదు.

విశాఖ నుంచి ఓడెక్కి జైలు చూడ్డానికి వచ్చే తెలుగువాళ్లు చాలామందే. మీ ఇంట్లో డిగ్రీలో జంతుశాస్త్రం చదివే పిల్లలుంటే, ఒక పూట బ్రూక్షాబాద్‌కూ తీసుకెళ్లండి.