కట్ట కింద కాలనీ

మైదుకూరు పక్క మా పెద్దనాయన పట్టాభూమిలో సొంత డబ్బుతో పోయించుకున్న కుంట అది. కట్ట రెండు నిలువుల ఎత్తుంటే ఎక్కువ. పోయించిన నాడు దాని కింద చేండ్లే. తర్వాత ప్లాట్లు పడ్డాయి, కాలనీ లేచింది. కట్ట నిండా కంపచెట్లు, పందికొక్కుల బొరియలు. చేపలు కొట్టుకుపోకుండా ఎవరో మరవకు అడ్డం రాళ్లు పేర్చి మూరెడు నీళ్లు ఎక్కువ నిలిపారు. కొంప మునిగేది ఇట్లాంటి తెలివితేటలతోనే.

2021 నవంబరు 18 రాత్రి వాన తెరిపియ్యలేదు. టార్చిలు పట్టుకొని పోయి చూస్తే కట్ట వెలుపలి పాదం దగ్గర బుడబుడమని ఊట. పెద్దనాయన అరిచినాడు: "రేయ్ అబ్బీ, తేటగా వస్తాందా, మన్ను కలిసొస్తాందా?" చెంబులో పట్టి వెలుతురులో పెట్టినా. కాసేపటికి అడుగున ఎర్రమన్ను పేరుకునింది. తేటనీళ్లు కారితే పొద్దున చూసుకోవచ్చు. మన్ను వస్తాందంటే కట్ట లోపల్నించి తినుకుంటా పోతాందని అర్థం.

ఒక పిల్లోడు గోనెసంచి కుక్కబోయినాడు. "మూయొద్దురా, ఇంకోచోట పగులుతాది! నీళ్లు పోనీ, మన్నును ఆపు" అని పెద్దనాయన ఇసుక, దానిమీద గులకరాళ్లు పోయించి, చుట్టూ బస్తాలు పేర్పించినాడు. ఇంకో నలుగురు మరవలో రాళ్లు పీకేసినారు. కాలనీలో ముసలోళ్లను, పిల్లలను బడికి చేర్చినాము. తెల్లారేసరికి ఊట తేటపడింది.

అప్పుడే ఫోన్లు మొదలైనాయి. రాజంపేట పక్క చెయ్యేరు మీద ముందు పింఛ, దాని వెనకే అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినాయి. వచ్చిన వరద మరవ గేట్లు వదలగలిగినదానికన్నా ఎక్కువై కట్ట మీదుగా పొర్లింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు నీళ్లపాలైనాయి. ఆ రోజు కార్తీక పౌర్ణమి.

ఆ డిసెంబరులోనే కేంద్రం ఆనకట్టల భద్రత చట్టం తెచ్చింది. 15 మీటర్లు దాటిన ఆనకట్టలన్నీ దాని కిందికొస్తాయి; 10 నుంచి 15 మధ్యవి కొన్ని షరతులతో. మా కుంటలాంటివి అందులో లేవు. ఇంజనీర్లు ప్రమాద తరగతి కట్టేది కట్ట గట్టిదనాన్ని బట్టి కాదు, తెగితే కింద ఎవరికి ఎంత నష్టమో చూసి. ఆ లెక్కన కట్టను ఎవరూ ముట్టుకోకపోయినా, కాలనీ లేచిననాడే మా కుంట తరగతి మారిపోయింది. ఆ మాట మాకు చెప్పినోళ్లు లేరు.

మాకు ఎంతో దూరం లేని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించినారు. కట్టలోనుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి.

మీ ఊరిపైన ఎవరి సొంత కుంటైనా ఉంటే, వానలకు ముందే మరవ ఖాళీగా ఉందో లేదో చూడండి. కట్ట కింద ఎన్ని ఇండ్లున్నాయో పంచాయతీలో రాయించండి.