ట్యాంకు మాదే కదండీ!

మొన్న ఎండల్లో మా మేడమీద ట్యాంకుకి కొత్తగా బిగించిన పైపు ఊడిపోయింది. కింద పెరట్లో పిన్నిగారు మంచం మీద పెట్టుకున్న గుమ్మడి వడియాలన్నీ ముద్దముద్దయిపోయాయి. పరుగున మెట్లు దిగానే గాని, నా నోట వచ్చిన మొదటి మాట, "మా తప్పేం లేదండీ, ప్లంబరు సరిగ్గా బిగించలేదు" అని! నా నవలల్లో నాయికలు తప్పు ఇట్టే ఒప్పేసుకుంటారు. రాసే మనిషి వేరు మరి. పిన్నిగారు ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు అన్నం సహించనివ్వలేదు.

రాత్రి సంగతి వినగానే ప్లీడరైన మా మరిది పకపకా నవ్వాడు. "వదినా! నూటయాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులో రైలాండ్స్ అనే మిల్లు యజమానిదీ నీ గోలే" అన్నాడు.

ఆయన మిల్లు కోసం చెరువు కట్టించాడట. అడుగున పాత గని దారులుంటే కంట్రాక్టర్లు సరిగ్గా పూడ్చలేదు. నీళ్ళు వాటిలోంచి వెళ్ళి పక్కనున్న ఫ్లెచర్ గారి బొగ్గుగనిని ముంచేశాయి. యజమానికి ఆ దారుల ఊసే తెలీదు. అయినా సరే, ముప్పు తెచ్చేదాన్ని తన స్థలంలో పెట్టుకున్నవాడే నష్టం భరించాలని 1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

కాని అందులో తప్పించుకునే సందులున్నాయి. దైవికమనొచ్చు, బయటివాడెవడో చేశాడనొచ్చు. వడియాలకైతే సరే, విషవాయువుకో? 1984 డిసెంబరులో భోపాల్. ఏడాది తిరిగేసరికి, 1985 డిసెంబరు 4న ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు. 1986లో జస్టిస్ భగవతి గారి ధర్మాసనం ఆ సందులన్నీ మూసేసింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఎంత జాగ్రత్తపడ్డా, హాని జరిగితే బాధ్యుడే. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ. నాకిది ఎంత నచ్చిందో! రాత్రి నిద్రలో ఉన్నవాళ్ళకి ఏ మర ఎందుకు చెడిందో ఎలా తెలుస్తుంది చెప్పండి? రుజువు తెమ్మంటే ఎక్కణ్ణించి తెస్తారు?

అయితే ఆ తీర్పు ఢిల్లీ బాధితులకి పైసా లెక్కగట్టలేదట. వేరే దావాలు వేసుకోమంది. భోపాల్ వ్యవహారం 1989లో 47 కోట్ల డాలర్లకి రాజీ అయింది. అది చాలదని ఇంకా అడిగితే 2023లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. ఈ రెంటికీ మధ్య ముప్ఫైనాలుగేళ్ళు. ఎందరు ఆడవాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగారో!

పిన్నిగారు దావా వెయ్యరు సరికదా, నోరు తెరిచి అడగరు కూడా. మర్నాడు పొద్దున్నే రెండు బూడిదగుమ్మడికాయలూ, కిలో మినప్పప్పూ పట్టుకెళ్ళాను.

"ఇదెందుకమ్మాయ్? నువ్వేం చేశావనీ?"

"ట్యాంకు మాదే కదండీ పిన్నిగారూ."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కత్తిపీట నావైపు జరిపారు.