ఇరవైకి పద్నాలుగు

"సార్, ఎన్ని రోజుల్లో వస్తుంది?"

ఏలూరులో షటిల్ కోచింగ్‌కి వెళ్లిన మొదటి రోజు నేనడిగిన మొదటి ప్రశ్న ఇదే. నాకప్పుడు 27 ఏళ్లు. కోచ్ నవ్వి, "ఏది రావాలి?" అన్నారు. సమాధానం తట్టలేదు. ఆట మెరుగవ్వాలి, అంతే. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టేశా కాబట్టి మూడు నెలల్లో ఆటగాణ్ణి అయిపోతానని నా లెక్క.

అసలు కారణం వేరే ఉంది. ప్రతి సంక్రాంతికీ మా కాలేజీ బ్యాచ్ తాడేపల్లిగూడెంలో కలుస్తాం. ఊళ్లన్నీ కోడిపందేల హడావిడిలో ఉంటే మేం లైట్లు కట్టుకుని డబుల్స్ టోర్నమెంట్ ఆడుకుంటాం. ఇంటర్ నుంచీ నా పార్ట్‌నర్ ఒక్కడే. వరుసగా రెండేళ్లు మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చాం. రెండుసార్లూ చివరి పాయింట్ నా సర్వీసు నెట్‌కి తగిలే పోయింది. వాడు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

కోచ్ నా చెయ్యి చూసి, "రాకెట్‌ని అట్లకాడలా పట్టుకున్నావేంటయ్యా?" అన్నారు. ఎదుటి మనిషికి షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవాలట. పదేళ్ల అలవాటు మార్చమన్నారు, మార్చాను. ఆ వారం నుంచే నా ఆట పాడైపోయింది.

మాటవరసకి అనడం లేదు, ఫోన్‌లో లెక్క రాసుకున్నా. మొదటి రోజు 20 షార్ట్ సర్వీసులు చేయిస్తే 8 సరిగ్గా పడ్డాయి. నెల తర్వాత 5! పాత పట్టుతో చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. కొత్త పట్టుతో ప్రతి దెబ్బకీ నేను ఆలోచించాలి. షటిల్ మన ఆలోచన కోసం గాల్లో ఆగదు కదా.

నవంబర్‌లో ఒక ఆదివారం ప్రాక్టీస్‌కి గూడెం వెళ్లా. ఎప్పుడూ మా చేతిలో ఓడిపోయేవాళ్లు ఆరోజు మమ్మల్ని ఉతికేశారు. తిరుగు రైలెక్కాక మెసేజ్ వచ్చింది: "ఈసారి మా తమ్ముడితో ఆడతాను రా. ఏమీ అనుకోకు." భీమడోలు దాటేదాకా మళ్లీ ఫోన్ ముట్టుకోలేదు. డబ్బులు కట్టి మరీ ఆట పోగొట్టుకున్నా, పార్ట్‌నర్‌నీ పోగొట్టుకున్నా అనిపించింది.

కోచింగ్ మానేద్దామని ఆ రాత్రి డల్లాస్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేశా. ఆయన ఏడాదిగా గోల్ఫ్ పాఠాలకు వెళ్తున్నాడు. అంతా విని, "నాకూ అదేరా. పట్టు మార్పించారు, బంతి ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి" అన్నాడు. తర్వాత ఒక సంగతి చెప్పాడు. గోల్ఫ్‌లో ఎనిమిది అడుగుల దూరం నుంచి బంతిని గుంటలో వేయడం చూడ్డానికి చాలా తేలిక. కానీ పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్స్ కూడా అక్కణ్ణుంచి దాదాపు సగమే వేయగలుగుతారట. "వాళ్లకే సగం పోతుంటే, శనాదివారాలు ఆడే మనకెందుకురా అంత పౌరుషం?" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వా.

నిజానికి నా తలలో కొలబద్దే తప్పు. నేను రోజూ చూసే రీల్స్‌లో మన అమలాపురం సాత్విక్ ఉంటాడు. 2023లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించినవాడు. సింధు ఉంటుంది. ఎనిమిదేళ్లకే రాకెట్ పట్టిన ఆమె రియో ఒలింపిక్స్ వెండి పతకం నాటికి 21 ఏళ్లది. మధ్యలో ఉన్న పదమూడేళ్లు రీల్‌లో కనపడవు. నేనేమో వారానికి మూడు గంటల కోచింగ్‌తో పన్నెండు వారాల్లో మారిపోవాలనుకున్నా.

అప్పుడే కొల్లేరు గుర్తొచ్చింది. అమ్మమ్మగారిది కైకలూరు వైపు లంక ఊరు. దసరా సెలవుల్లో మావయ్య తాటిదోనె ఎక్కించి గెడ నా చేతికిచ్చేవాడు. దోనె ముందుకు పోయేది కాదు, ఉన్నచోటే గిర్రున తిరిగేది. మావయ్య చెప్పేది ఒక్కటే: "గెడ వంక చూడకురా, పోవాల్సిన గట్టు వంక చూడు." ఆ సెలవులన్నీ తిరుగుతూనే ఉన్నా. మరుసటి ఏడాదికి దోనె తిన్నగా పోయింది. ఏ రోజు వచ్చిందంటే చెప్పలేను.

మర్నాడు కోచ్‌ని వేరే ప్రశ్న అడిగా: "సార్, ఈ నెల ఒక్కటే నేర్చుకోవాలంటే ఏది?" ఆయన వెంటనే, "షార్ట్ సర్వీసు. స్మాష్ ఊసెత్తకు" అన్నారు.

మేడ మీద అయిదడుగుల ఎత్తున తాడు కట్టా, నెట్ మధ్యలో ఉండే ఎత్తు అంతే. పాత షటిల్స్ అడిగి తెచ్చుకుని రోజూ వంద సర్వీసులు చేశా. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే తప్పు దొరికింది. అయిదు గ్రాములుండే షటిల్‌ని మెల్లగా తోయాల్సింది పోయి, మణికట్టు విదిలించి కొడుతున్నా.

మూడు నెలలు పూర్తయిన రోజు లెక్క: 20కి 9. అంటే కట్టిన ఫీజుకి అదనంగా వచ్చింది ఒక్క సర్వీసు! ఆ సంక్రాంతికి నేను ఆడలేదు, కుర్చీలో కూర్చుని స్కోరు చెప్పా. బాధగానే ఉంది. కానీ కోచింగ్ మానలేదు. మార్చి చివరికి 14 వచ్చాయి. బ్యాక్‌హ్యాండ్ ఇప్పటికీ రాదు. స్మాష్ పాతదే.

కాబట్టి మీరు ఈత, గిటార్, డ్రైవింగ్ ఏది మొదలుపెట్టినా, నా అనుభవం ఇది. మొదటి నెల ఉన్నది కూడా పోయినట్టుంటుంది. మూడు నెలలకి తేడా మీకొక్కరికే తెలుస్తుంది, అదీ లెక్క రాసుకుంటేనే. పక్కవాళ్లకి కనపడాలంటే ఇంకా ఆగాలి. ఒకసారికి ఒక్కటే అడగండి. గురువు దారి చూపిస్తారు, ఆ వంద సర్వీసులూ మనమే చెయ్యాలి.

ఉగాదికి వాడు ఏలూరొచ్చాడు. ఇద్దరం కలిసి ఒక మ్యాచ్ ఆడాం. 19-20 దగ్గర సర్వీసు మాదే, చెయ్యాల్సింది నేనే. షటిల్ తెల్లటి టేపుని రాసుకుంటూ అవతల పడింది. పాయింట్ మాది. తర్వాత ఆ గేమ్ ఓడిపోయాం, అది వేరే సంగతి.

బండి స్టార్ట్ చేస్తూ వాడన్నాడు: "సంక్రాంతికి మనిద్దరి పేర్లూ ఇచ్చేస్తున్నా. ఆ బ్యాక్‌హ్యాండ్ సంగతి కూడా కొంచెం చూడు."

"ఈ ఏడాదికి మాత్రం అడక్కు" అన్నా.